ఎంగిలి పానకం

నా చిన్నప్పుడు బరంపురంలో మా వీధి పిల్లలకి శ్రీరామనవమి అంటే మా తాతయ్య పోయించే పానకమే. తాతయ్యది బెల్లం, పప్పుల టోకు వ్యాపారం. ముందువైపు దుకాణం, వెనక ఇల్లు. పండగ రోజున దుకాణం అరుగు మీద రాముడి పటం పెట్టి, పక్కన పెద్ద ఇత్తడి గంగాళం నిండా పానకం, పళ్ళెంలో కొండలా వడపప్పు పెట్టేవాళ్ళు. ఎండ నడినెత్తికొచ్చే వేళకి హారతి ఇచ్చేవాళ్ళు. ఆ తర్వాత ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని వీధంతా వరుసలో నిలబడేది. తెలుగువాళ్ళూ, ఒడియావాళ్ళూ, దుకాణంలో బస్తాలు మోసే కళాసీలూ, అందరూ.

ఆ పండగ గురించి మా బంధువుల్లో ఒక కథ చెప్పుకుంటారు. ఒక ఏడు మా మేనత్త ఆకలికి ఆగలేక, దేవుడికి నైవేద్యం కాకముందే పానకం తాగేసిందనీ, అదేమిటని కోప్పడితే గంగాళాన్ని తన్నేసిందనీ, రాముడు మర్నాడే ఆవిడకి బుద్ధి చెప్పాడనీ. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఈ కథ చెప్పి నవ్వుకుంటారు. అందులో చెప్పినవన్నీ జరిగినవే. ఎందుకు జరిగాయన్నదే తప్పు. ఆ తప్పు సరిచేయడానికి ఇది రాస్తున్నాను.

మేం పిల్లలం ఆవిణ్ణి రంభత్త అనేవాళ్ళం. అందగత్తె అని కాదు, రంభ నుంచి వచ్చిందని. చిలికా ఒడ్డున ఆ ఊళ్ళో మా మామయ్యకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఒక వానాకాలం వరద నీళ్ళు ఊరి బావుల్లోకి దిగాయి. ఆ తర్వాత కలరా వచ్చింది. మామయ్యా, ఇంకా మాటలు పూర్తిగా రాని వాళ్ళ పాపా ఒకే వారంలో పోయారు. అత్త పుట్టింటికి వచ్చేసింది. వచ్చాక వంటిల్లు ఆవిడ చేతికి వచ్చింది గానీ పూజగదిలోకి రావద్దన్నారు. పండగ వంటలకి పప్పు రుబ్బిపెట్టేది, తీరా నైవేద్యం వేళకి వెనక వసారాలోకి వెళ్ళి కూర్చునేది. ఎవరూ వెళ్ళమని చెప్పక్కర్లేదు, తనే వెళ్ళేది.

ఇప్పుడు మా కుళాయి సంగతి చెప్పాలి. అప్పట్లో మా వీధికి మునిసిపాలిటీ నీళ్ళు పొద్దున కాసేపే వచ్చేవి. అవి కూడా పైకెక్కేవి కావు. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ గుమ్మం ముందు, కాలవ పక్కన, ఒక గొయ్యి తవ్వి, భూమి లోపలి పైపుని అక్కడే కోసి, గోతిలోకి దిగి నీళ్ళు పట్టుకునేవాళ్ళు. మిగతావాళ్ళు ఆ పైపుకి కనీసం ఒక కుళాయి బిగించుకున్నారు. తాతయ్య అదీ బిగించనివ్వలేదు. కుళాయి లోపల తోలు వాసరు ఉంటుంది, తోలు తగిలిన నీళ్ళు దేవుడికి ఎలా పనికొస్తాయని ఆయన పట్టుదల. పైపు మూతికి ఒక కర్ర బిరడా చెక్కించి, దానికి ఉతికిన గుడ్డ చుట్టి దోపేవాడు. పక్క వీధిలో గొట్టపుబావి ఉండేది, చేత్తో కొట్టే పంపు. దానిలోనూ తోలు ఉంటుందని మా ఇంట్లో ఎవరూ దాని దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు. మడిగా తెచ్చిన నీళ్ళంటే మా వీధిలో మా ఇంటి నీళ్ళే అని తాతయ్యకి గర్వంగా ఉండేది.

ఆ ఏడు నవమికి ముందు ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కాలవ పొంగి గోతుల్లోకి దిగింది. మర్నాటికి వీధి ఆరిపోయింది గానీ గోతుల అడుగున నల్లటి నీళ్ళు అలాగే నిలిచాయి. నీళ్ళొచ్చే వేళకి వాటిని డబ్బాతో తోడిపోసి, మొదటి బిందె పారబోసి, తేటపడ్డాక పట్టుకునేవాళ్ళు. రెండు రోజులకి మా వెనక నేతగాళ్ళ సందులో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. అక్కడ ఒక ముసలాయన పోయాడు. మునిసిపాలిటీ వాళ్ళు రిక్షాకి మైకు కట్టి తిరిగారు. ఝాడాబాంతి ఝాడాబాంతి, అంటే వాంతులూ విరేచనాలూ, అని ఒడియాలో ఒకసారి, నీళ్ళు మరగబెట్టుకుని తాగండి అని తెలుగులో ఒకసారి. ఇంటింటికీ నీళ్ళలో వేసుకునే మాత్రలు కూడా ఇచ్చారు. తాతయ్య వాసన చూసి మొహం తిప్పుకుని, వాటిని దుకాణం గల్లాపెట్టె పక్కన పడేశాడు.

అత్త ఎవరికీ చెప్పకుండా ఆ రోజు నుంచే తాగే నీళ్ళు మరగబెట్టడం మొదలుపెట్టింది. మరిగించి, చల్లార్చి, కుండలో పోసి ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. తాతయ్యకి అనుమానం వచ్చింది.

"ఏటమ్మీ, నీలల్లో రుసే నేదు. సచ్చిపోయినట్టున్నాయి."

"కుండ కొత్తది నాన్నా. నాలుగు రోజులు పోతే అదే అలవాటౌతాది," అంది అత్త.

నవమి ముందు రోజు పొద్దున నేను గోతి దగ్గర ఆడుకుంటున్నాను. నీళ్ళు ఆగిపోగానే, బిరడా పెట్టకముందు, ఆ పైపు చేసే ఒక చిత్రం నాకు మహా ఇష్టం. మూతి దగ్గర కాగితం ముక్క పెడితే లోపలికి లాక్కునేది. అరచెయ్యి పెడితే అతుక్కునేది. పైపు ఊపిరి పీల్చుకుంటోందని నేననుకునేవాణ్ణి. ఆ రోజు బిందెలు పట్టగా గోతిలో చేరిన నీళ్ళు తోడకుండా వదిలేశారు. ఆ నీళ్ళు పైపు మూతిదాకా ఉన్నాయి. ఒక వేపాకు నీళ్ళ మీద తేలుతూ వెళ్ళి, గిర్రున తిరిగి, పైపులోకి మాయమైపోయింది. నేను చప్పట్లు కొట్టాను. బిందె తీసుకెళ్ళడానికి వచ్చిన అత్తని పిలిచి చూపించాను.

"కుళాయి తాగతంది సూడత్తా."

"ఏటి తాగతందిరా?"

"గోతిలో నీలు."

అత్త గోతి అంచున కూర్చుంది. ఇంకో ఆకు వేయమంది. వేశాను. అదీ వెళ్ళిపోయింది. మూడోది తనే వేసింది. అది లోపలికి వెళ్ళడం చూసి, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడిగింది. నేనేదో పాడుపని చేశానని భయపడ్డాను. అలాంటిదేం లేదనీ, నేను చూపించకపోతే తనకి తెలిసేది కాదనీ, రేపటి పానకం నీళ్ళు ఆ పైపు నుంచే పడతారనీ అంది. నాకు అప్పుడు సగమే అర్థమైంది. వీధిలో జబ్బు కాలవ దారిన గోతిలోకి, గోతిలోంచి పైపులోకి, పైపులోంచి మర్నాటి బిందెలోకి వస్తోందన్న మాట. నీళ్ళు ఎంత తేటగా ఉన్నా వస్తోంది.

ఆ మధ్యాహ్నం దుకాణంలో బేరాలు పలచబడ్డాక అత్త తాతయ్య దగ్గరికి వెళ్ళింది. నేను పప్పు బస్తాల మీద కూర్చుని విన్నాను.

"నాన్నా, గోతిలో నీలు పైపులోకి పోతన్నాయి. రేపు పానకానికి నీలు నేను మరిగించి సల్లార్సి ఇస్తాను."

"మరిగిత్తే వండినట్టే. ఉపాసం ఉన్నోల్లు ఎలా తాగుతారు?"

"అయితే ఆ మాత్తర్లు ఏద్దాం."

"దేముడి పానకంలో ఆసుపత్రి వాసనా?"

"పోనీ, పక్కీధి పంపు నీలు తెప్పించు."

తాతయ్య కళ్ళద్దాలు తీసి చూశాడు. "తోలు పంపు నీలు రాముడికి పెట్టమంటావేటే? ఇన్నేళ్ళనుంచీ పోస్తన్నాను. అద్దంలాగున్నాయి నీలు. సూసేవా ఎప్పుడైనా?"

"రంబలో కూడా అద్దంలాగే ఉండేయి," అంది అత్త.

ఆయన చెడ్డవాడు కాదు. కూతురి దుఃఖం తెలియనివాడు అంతకన్నా కాదు. తెలుసు గనుకే అది భయమనీ, భయానికి దేవుడి పని ఆపకూడదనీ అనుకున్నాడు. "నువ్వు రేపు వసారాలో పడుకో తల్లీ. మనసు బాగులేదు నీకు," అని మెత్తగా అన్నాడు. మా నాన్న పక్కనే త్రాసు తుడుస్తున్నాడు. తాతయ్య ముందు నోరెత్తే మనిషి కాడు. తుడిచిన త్రాసునే మళ్ళీ తుడిచాడు.

నవమి పొద్దున్న నీళ్ళు వచ్చాయి. మొదటి బిందె పారబోశారు. తర్వాతి బిందెలు నిజంగానే అద్దంలా ఉన్నాయి. మా నాన్న తడిబట్టలు కట్టుకుని మడిగా గంగాళం నింపాడు. తాతయ్య తన కొట్లోని మంచి బెల్లం దగ్గరుండి కొట్టించి కలిపించాడు. మిరియాలూ, యాలకులూ, పైన తులసి. వడపప్పూ ఆ నీళ్ళలోనే నానింది. వీధంతా మిరియాల వాసన. గ్లాసులు పట్టుకుని పిల్లలు పెందరాళే వచ్చేశారు. పక్కింటి అక్క చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని అందరికంటే ముందు నిలబడింది. వాడు గ్లాసు అంచుని కొరుకుతున్నాడు.

అత్త నన్ను వసారాలోకి పిలిచింది. వంగి నా కళ్ళలోకి చూసి చెప్పింది. "నువ్వు పానకం ముట్టుకోకు. నేను ఏటి సేసినా, నన్ను ఎవులేటన్నా, ఈ పూటకి నోరిప్పకు. నిన్నటి ఆకు సంగతి సెప్పకు. సెప్తే ఈ గొడవలో మాటలు పెరుగుతాయి, మాటలు పెరిగేలోపల తాగేస్తారు. తెలిసిందా?" నేను తలూపాను. ఆవిడ అడిగింది ఆ ఒక్క పూటకే. నేను ఎన్నేళ్ళు నోరు మూసుకున్నానో ముందు ముందు చెబుతాను.

పంతులుగారు నైవేద్యానికి మంత్రం మొదలుపెట్టబోతున్నారు. తాతయ్య కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. అప్పుడు అత్త ఇంట్లోంచి దుకాణంలోకి, దుకాణంలోంచి అరుగు మీదికి వచ్చింది. అంతమంది ముందుకి ఆవిడ రావడమే వింత. నేరుగా గంగాళం దగ్గరికి వెళ్ళింది. చెంబు ముంచింది. పెదాలకి ఆనించుకుని తాగింది. గొంతు కదలడం అందరూ చూశారు. గుటక చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. సగం తాగిన చెంబుని మళ్ళీ గంగాళంలో ముంచింది. వడపప్పు పిడికెడు తీసి నోట్లో వేసుకుని, మిగిలింది పళ్ళెంలోనే విదిలించింది.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు.

"ఓలమ్మా, ఏటే ఇది."

"రెండు నిమిషాలు ఓర్సుకోలేకపోనావా?"

"తిండి పెట్టడం మానేసేరేటి ఇంట్లో?"

పంతులుగారు పుస్తకం మూసేశారు. ఎంగిలైపోయింది, ఇది దేవుడికి పనికిరాదు అన్నారు. తాతయ్య మొహం నల్లబడిపోయింది. చెయ్యెత్తాడు, దించాడు. "లోపలికెల్లు," అన్నాడు అంతే. అత్త తలొంచుకుని వెళ్ళిపోయింది. నా పక్కనుంచి వెళ్తూ నన్ను చూడలేదు.

అయిపోయిందనుకున్నాను. పారబోస్తారు, ఎవరూ తాగరు. పక్కింటి అక్క తమ్ముడు ఏడుపు అందుకున్నాడు, వాడికి తీపి కావాలి. ఇంతలో వీధి పెద్దాయన ఒకడు తాతయ్యకి నచ్చచెప్పే గొంతుతో అన్నాడు. "ఇంత బెల్లం కాలవలో పోస్తారేటండీ? దేముడికి పనికిరాదు గానీ మనుసులకేటి? అదిగో కళాసీలున్నారు. ఆల్లకి పట్టింపుల్లేవు. పొయ్యండి." తాతయ్య తల పంకించాడు. కళాసీలు పొద్దుట్నించీ బస్తాలు దింపి చెమటలు కక్కుతున్నారు. వాళ్ళలో ఒకాయన నవ్వుతూ, ఆయమ్మ ఎంగిలైతే మాకేటి బాబూ, మా ఇంట్లో అందరిదీ ఎంగిలే, అని గ్లాసు చాచాడు. మా నాన్న చెంబు ముంచాడు.

నోరిప్పకు అంది అత్త. కానీ కాళ్ళు కదపొద్దనలేదు. నేను వసారాలోకి పరిగెత్తాను. ఆవిడ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"అత్తా, కళాసీలకి పోసేస్తన్నారు."

ఆవిడ అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అరుగు మీదికి వచ్చేసరికి మా నాన్న చేతిలో చెంబు వంగుతోంది. అత్త గంగాళం అంచు రెండు చేతులా పట్టుకుంది. అది ఇటుకల మీద ఆని ఉంది. కాలితో ఒక ఇటుకని తోసింది. గంగాళం ఒరిగింది, ఒకసారి ఆగింది, తర్వాత పడిపోయింది. గుడిగంట కంటే గట్టిగా మోగింది. పానకం అరుగు మీంచి, మెట్ల మీంచి, జనం పాదాల మీంచి కాలవలోకి పోయింది. అత్త మా నాన్న చేతిలో చెంబు లాక్కుని అది కూడా ఒంపేసింది. వడపప్పు పళ్ళెం తిరగేసింది. కళాసీ ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన మొహంలో కనిపించిన అవమానం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పేదవాళ్ళ నోటి దగ్గరిది కూడా లాక్కుందని వీధంతా ఆవిణ్ణి తిట్టింది. ఆయన మాత్రం తిట్టలేదు. గ్లాసు భుజం గుడ్డతో తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట రాముడికి బెల్లం ముక్క నైవేద్యం పెట్టారు. ఇంట్లో ఎవరూ అత్తతో మాట్లాడలేదు. మా అమ్మ పళ్ళెంలో అన్నం పెట్టి వసారాలోకి తోసింది. అత్త తినలేదు. ఆవిడ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. నాకు ఆ ఎదురుచూపు అర్థం కావడానికి మర్నాడు పొద్దెక్కాలి.

మర్నాడు పొద్దున్న మొదలయ్యాయి. ముందు విరేచనాలు, తర్వాత వాంతులు. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా. అత్త నన్ను వసారా గుమ్మం దాటి రానివ్వలేదు. మా అమ్మకి తనే చెప్పింది. "పిల్లల్ని రానీకు వదినా. నా గుడ్డలు కాలవ దగ్గర ఉతక్కు. బ్లీచింగు పౌడరు జల్లి పెరట్లో గొయ్యి తీసి పాతెయ్. మరిగించిన నీలల్లో కాస్త ఉప్పూ పంచదారా కలిపి ఇస్తా ఉండు. కన్నీల కంటే ఉప్పగా ఉండకూడదు." మా అమ్మ చెంచాతో పోస్తూనే ఉంది. లోపలికి పోయేదానికంటే బయటికి వచ్చేదే ఎక్కువగా ఉంది. ఎండెక్కేసరికి అత్త కళ్ళు లోపలికి పోయాయి. బుగ్గలు అతుక్కుపోయాయి. నీళ్ళలో చాలాసేపు నానినట్టు వేళ్ళు ముడతలు పడిపోయాయి. గొంతు పోయి గాలి మాత్రమే వచ్చేది. నేను గుమ్మం దగ్గర నిలబడి, నోరు విప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. నిజం చెబితే ఆవిడకి త్వరగా మందు దొరుకుతుందా, లేక ఇంకా తిడతారా అన్నది నాకు తెలియదు.

వీధి ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి చూసి పోయారు. రాముడు ఒక్క రోజు కూడా ఆగలేదమ్మా అనుకున్నారు. తాతయ్య దుకాణంలో కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే హఇజా, అంటే కలరా, అని పేరు పడుతుందనీ, ఆ పేరు పడితే మన కొట్లో ఎవరు కొంటారనీ మా నాన్నతో గొణుగుతున్నాడు. కోడలిగా వచ్చిన నాటి నుంచీ మామగారి ఎదుట గొంతెత్తని మా అమ్మ దుకాణంలోకి వచ్చి నిలబడింది.

"మావయ్యా, రిక్షా పిలిపిస్తారా, నన్నే ఆమెని ఎత్తుకుని నడిసెల్లమంటారా?"

తాతయ్య ఆవిడ వైపు చూశాడు. తర్వాత తనే వీధిలోకి వెళ్ళి రిక్షా తెచ్చాడు.

పెద్దాసుపత్రిలో వార్డు నిండిపోయి నేల మీద కూడా మనుషులు ఉన్నారని మా నాన్న చెప్పాడు. అత్త చేతికి నరం దొరకలేదట. ఎట్టకేలకు దొరికాక సీసా మీద సీసా సెలైను ఎక్కించారు. నన్ను తీసుకెళ్ళలేదు. మా అమ్మ తిరిగి వచ్చేదాకా నేను వీధి గుమ్మంలోనే కూర్చున్నాను. ఆ రోజు అన్నం తిన్నానో లేదో గుర్తు లేదు. అమ్మ వచ్చి, మాట్లాడుతోంది, నీళ్ళు అడిగింది అన్నప్పుడు నేను గుమ్మంలోనే తల పెట్టుకుని ఏడ్చాను. ఎందుకురా అంటే ఆకలేస్తోందన్నాను.

అక్కడ డాక్టరు అడిగాడట, ఏమి తాగావమ్మా అని. అత్త పానకం మాట ఎత్తలేదు. మా వీధి కుళాయిలన్నీ గోతుల్లో ఉన్నాయి, నీళ్ళు ఆగితే గోతిలో నీళ్ళు లోపలికి పోతాయి, వెళ్ళి చూడండి అందట. మర్నాడు మునిసిపాలిటీ వాళ్ళు వచ్చారు. మా గోతి దగ్గర ఒకాయన వంగి బిరడాని పీకి, గుడ్డ విప్పి, వాసన చూసి, కుళాయి ఏదీ అని ఒడియాలో అడిగాడు. తాతయ్య దుకాణంలోకి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే వీధిలో గోతులన్నీ పూడ్చేశారు. నీళ్ళ జోరు పెంచి, పైపులు పైకి లేపి సిమెంటు దిమ్మలు కట్టారు. కొన్నాళ్ళపాటు గొట్టపుబావి నీళ్ళే తాగమన్నారు. తాతయ్య కొత్త కుళాయి తనే కొనుక్కొచ్చి బిగించాడు, తోలు వాసరుతో సహా. ఆయనకి తెలిసిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది.

తెలిసినా ఆయన నోరు విప్పలేదు. ఆ కూతురు వీధిని కాపాడిందని చెప్పాలంటే, తను వీధికి ఏమి పోయబోయాడో చెప్పాలి. మరుసటి నవమికి మాత్రం, ఈ మధ్య బెల్లంలో మట్టి వస్తోంది, నీళ్ళతో సహా మరిగించి వడకట్టి చల్లార్చండి అని ఆజ్ఞ వేశాడు. వడపప్పు కూడా ఆ చల్లార్చిన నీళ్ళలోనే. బెల్లం వ్యాపారి తన బెల్లం మీద తనే మట్టి చల్లుకున్నాడు. అంతవరకే ఆయన చేతనైంది. ఉపవాసం ఉన్నవాళ్ళు కిమ్మనకుండా తాగారు.

అత్త ఆసుపత్రి నుంచి సగం మనిషై వచ్చింది. అప్పటికే ఆవిడ పేరు మారిపోయింది. రంభత్త పోయి పానకం అత్త అయింది. పేరంటాల్లో ప్రసాదం ఆవిడకి అందరికంటే ముందు పెట్టి, ముందే పెట్టేస్తే గొడవుండదమ్మా అని నవ్వేవాళ్ళు. పిల్లలం వెనకాల గుటకల చప్పుడు చేసేవాళ్ళం. చేసేవాళ్ళం అని రాశాను. ఆ చప్పుడు అచ్చం ఆవిడలా చేయగలిగింది నేనొక్కణ్ణే. దగ్గరుండి విన్నది నేనే కదా. మొదట్లో నవ్వుల్లో కలవకపోతే నన్ను అడుగుతారని భయం. తర్వాత ఆ భయం పోయింది, అలవాటు మిగిలింది. నా పెళ్ళిలో కొత్త చుట్టాల ముందు లేచి నిలబడి, చెంబు ముంచడం, తాగడం, ఇటుక తన్నడం అంతా ఆడి చూపించాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చివరి రోజుల్లో ఆవిడ బరంపురంలోనే, లంజిపల్లి పేటలో మా ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు, తల వంచుకుని అడిగాను. మింగకపోతే ఏమయ్యేది, చెయ్యి ముంచితే సరిపోయేది కదా అని.

"సెయ్యి ముంచితే మీ తాత పసుపునీలు సల్లించి సుద్ది సేసేవోడు. ఎంగిలికి సుద్ది నేదు. నోట్లో పోసుకుని ఊసేస్తే నాటకమని తెలిసిపోను. మింగాల," అంది.

"చచ్చిపోతావని తెలీదా?"

"తెలుసు. రంబలో సూసేను కదా. కానీ రంబలో నాకు ముందు తెలీలేదు. ఇక్కడ తెలిసింది."

ఇన్నేళ్ళూ నేను నోరు మూసుకున్నాననీ, పైగా నేనే ఆ కథ అందరికీ ఆడి చూపించాననీ, ఇప్పుడైనా అందరినీ కూర్చోబెట్టి చెప్పేస్తాననీ అన్నాను. ఆవిడ నా వైపు చూసి, చిన్నప్పుడు చెయ్యి కడిగినప్పటిలాగే నా మోచెయ్యి పట్టుకుంది.

"సెప్పుకుంటే సెప్పుకో. నా కోసరం అయితే అక్కర్లేదు. నవ్వుకోనీరా. నవ్వడానికి అందరూ మిగిలే ఉన్నారు కదా."

ఆవిడ పోయిన పన్నెండో రోజున భోజనాల దగ్గర ఎవరో మళ్ళీ ఆ కథ ఎత్తారు. నన్ను లేచి ఆడి చూపించమన్నారు. లేచాను. ఆడలేదు, ఇక్కడ రాసినదంతా చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు పోయినవాళ్ళ గురించి మంచిగా చెప్పడం సహజమే అనుకున్నారు. నమ్మనివాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు. వాళ్ళకి ఆ కథ నేర్పింది నేనే.

ఇప్పటికీ మా వాళ్ళు నలుగురు చేరి నవ్వుతుంటే నేను వాళ్ళ మొహాలు చూస్తూ ఉండిపోతాను. ఆ నవమి నాడు ఎండలో గ్లాసు పట్టుకుని నిలబడిన పిల్లలు వీళ్ళలో ఎవరో, వాళ్ళకి పుట్టిన పిల్లలు ఎవరో, ఆ పిల్లల పిల్లలు ఎవరో పోల్చుకుంటాను. వాళ్ళు ఎంత పెద్దగా నవ్వితే నాకు అంత హాయిగానూ ఉంటుంది, అంత సిగ్గుగానూ ఉంటుంది.